పైవారి యాజ్ఞ



మన సంఘమున నుద్యోగస్థుడు లేని కుటుంబ మరుదు. పోలీసు, రెవిన్యూ, విద్యాశాఖలన్నిటను మనవారు కలరు. ‘పైవారు చెప్పిరి, నేను చేసితిని’ అను మాట మన యిండ్లలో దఱచుగా వినబడునదే. అది యెంతవఱకు చెల్లునో విచారింపుడని కార్యవర్గమువారు మమ్ము కోరిరి. మేము న్యాయవాదులము కాము. ముప్పదేండ్లు పిల్లలకు విభక్తులు చెప్పినవారము.

సభాపర్వమున ప్రాతికామి యను సూతుడు కలడు. వానిని తలచువారు తక్కువ. ద్రౌపదిని సభకు తోడ్కొని రమ్మని దుర్యోధనుడు మొదట విదురునితో చెప్పెను. విదురుడు మందలించెనే కాని కదలలేదు. పిమ్మట ప్రాతికామి పోయెను. ధర్మరాజు ముందు తన్నోడెనా, నన్నోడెనా యడిగి రమ్మని యామె పంపగా, వాడా ప్రశ్నను తెచ్చి నిండుసభలో విన్నవించెను. మరల పొమ్మన్నపుడు జంకి, ఆమెతో నేమని చెప్పుదునని సభ్యులనే యడిగెను. అంతట దుశ్శాసనుడు లేచెను. ద్రౌపది కవమానము తప్పలేదు. అయినను పెద్దలు తలవంచుకొనియున్న యా కొలువున నా ప్రశ్న మొదట వినబడినది జీతగాడైన ప్రాతికామి నోటనే.

ఇక చట్టము. 1860 నాటి శిక్షాస్మృతిలో 76వ సెక్షను, 2024 జులై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 14వ సెక్షను. పైయధికారి యాజ్ఞచే గుంపుపై కాల్చిన సైనికుడు నేరస్థుడు కాడని యందొక యుదాహరణము. అయితే యది చట్టానుసారముగా నుండవలెనను విశేషణమచటనే కలదు. మనవారు విశేష్యమును పట్టుకొని విశేషణమును విడుతురు. 1945 ఆగస్టులో లండనున నేర్పడిన న్యూరెంబర్గు న్యాయస్థాన శాసనము, ఆజ్ఞ బాధ్యతను తొలగింపదనియు, శిక్షను తగ్గించుటకు మాత్రము పరిగణింపవచ్చుననియు విధించెను. జర్మను సేనాని కైటెలు ఆ మాటయే చెప్పుకొనెను. 1946 అక్టోబరు 16న నురితీయబడెను. 2011లో మన సుప్రీంకోర్టు, బూటకపు ఎన్‌కౌంటరు కేసున పోలీసులకు న్యూరెంబర్గునే జ్ఞాపకము చేసెను.

వేఱు మార్గముండెనా యనునది న్యూరెంబర్గు తీర్పులోని పరీక్ష. అది మమ్మును తాకినది. ఒకచోట ప్రధానోపాధ్యాయుడు చెప్పగా, మధ్యాహ్నభోజనపు బియ్యము లెక్కకై రాని పిల్లలను వచ్చినట్లు హాజరుపట్టీలో రెండేండ్లు వ్రాసితిమి. ఎవరును మెడపై కత్తి పెట్టలేదు. ఉద్యోగభయమును లేదు. ఆయనతో మాటపట్టింపు రాకూడదని మాత్రమే!

1930 ఏప్రిలులో పెషావరున, నిరాయుధులపై తుపాకులు పేల్చుటకు చంద్రసింగు గఢ్వాలీయు, ఆయన తోడి సైనికులును నిరాకరించిరి. ఆయనకు యావజ్జీవ శిక్ష పడెను. 1941లో గాని విడుదల లేదు. గాంధీమహాత్ముడు మాత్రము దీనిని మెచ్చలేదు. ప్రమాణము చేసి కొలువులో చేరిన సైనికుడాజ్ఞ మీరుట తప్పనియు, రేపు స్వరాజ్యమునకును ఈ సైనికులే కావలయుననియు నాయన యభిప్రాయము. మహాత్మునియందు మాకు భక్తి కొఱవడలేదు గాని, యిందు మేము గఢ్వాలీ పక్షమే. ఆయన తుపాకితో పాఱిపోలేదు, పైవారిపై త్రిప్పలేదు. కాల్చనని చెప్పి శిక్షకు నిలిచెను. అట్టి సైనికునికి స్వరాజ్యమేల వెఱవవలెను?

పైనుండి వచ్చు నాజ్ఞలే కావు, ప్రక్కనుండి వచ్చునవియు కలవు. ‘మనవాడవు, ఈ యొక్క కాగితము చూడు నాయనా’ అని యుద్యోగస్థుల యిండ్లకు పోవువారిలో నీ వేదికపై నున్నవారమును కలము. కోపగింపకుడు.

వలదన్నవాని యింట పొయ్యి వెలుగుట యెట్లు? ధైర్యము చెప్పువారు బియ్యము పంపరు. కావున అక్రమపుటాజ్ఞను వ్రాతమూలముగా నిరాకరించి సస్పెండైనవారి పిల్లల ఫీజులకు, మన విద్యార్థి వేతన నిధిలో కొంత ప్రత్యేకింపవలెనని కోరుచున్నాము. తీర్మానపు చిత్తు కార్యదర్శిగారి చేతికిచ్చితిమి.