యంత్రగణితమున చివరి అంకె

బంగాళాఖాతమునకును పులికాటు సరస్సునకును నడుమ శ్రీహరికోట యను దీవి కలదు. చిరకాలము నెల్లూరు జిల్లాలో నుండిన యీ దీవి 2022 లో తిరుపతి జిల్లాలో చేరినది. 1993 సెప్టెంబరు 20 వ తేదీన పి.ఎస్.ఎల్.వి. వాహనము తన తొలి ప్రయాణమునకు ఇచ్చటినుండియే బయలుదేరినది. కాని కక్ష్యను చేరలేదు. రెండవ దశ విడిపోవునపుడు వాహనము అనుకొన్నదానికంటె మిక్కుటముగా చలించినది. ఆ చలనమును సరిదిద్దవలసిన గణనయంత్రములో ఒక సంఖ్య తనకు కేటాయించిన చోటును మించిపోయినది. మానెడు గింజలను సోలలో పోసినట్లైనది. ఐ.ఆర్.ఎస్.-1ఇ ఉపగ్రహము నష్టమైనది. శాస్త్రజ్ఞులు దోషమును కనిపెట్టి సవరించిరి. 1994 అక్టోబరు 15 వ తేదీన రెండవ వాహనము జయప్రదముగా కక్ష్యను చేరినది.

యంత్రములో సంఖ్యకు పాత్ర చాలకపోవుట రెండు విధములు. సంఖ్య మరీ పెద్దదైనచో పొర్లిపోవును. శ్రీహరికోటలో జరిగినది ఇదియే. రెండవది, సంఖ్య పట్టినట్లే కనిపించి, తోక మాత్రము తెగిపోవుట. ఇది చప్పుడు చేయని దోషము గనుక మరింత జాగ్రత్త కావలెను.

మన పెద్దలెరిగిన ఉదాహరణమొకటి చెప్పెదను. 1957 ఏప్రిల్ 1 వ తేదీన నయాపైసలు వచ్చినప్పుడు అణాకు ఆరుంబావు పైసలు కావలసియుండగా ఆరు పైసలుగా లెక్కించిరి. నాలుగణాలకు మాత్రము సరిగా ఇరువదియైదు. అణా చొప్పున నాలుగు మారులు మార్చుకొన్నవానికి ఇరువదినాలుగు పైసలే దక్కును. పావుపైసను అప్పటికప్పుడు విడిచిపెట్టక, చివరి వరకు లెక్కలో నుంచుకొన్నచో ఆ పైసా నష్టము లేదు.

ఈ సూత్రమునే ఇంటెల్ సంస్థవారు 1980 లో వెలువరించిన 8087 అను గణితయంత్రములో పాటించిరి. ఆచార్య విలియమ్ కాహన్ సలహాతో రూపొందిన ఆ యంత్రములో ఎనిమిది అరలు కలవు. ఒక్కొక్క అరలో 80 బిట్లు పట్టును: గుర్తునకు 1, ఘాతమునకు 15, అంకెలకు 64. మామూలు 64 బిట్ల సంఖ్యలో దశాంశ పద్ధతిని సుమారు 16 అంకెలు నిలుచును. ఇందులో సుమారు 19 నిలుచును. నడిమి లెక్కలలో ఆ అదనపు అంకెలే పావుపైసలను కాపాడును.

అయితే యంత్రము మంచిదైనంత మాత్రమున చాలదు. దానిని నడిపించు ఆపరేటింగ్ సిస్టము కూడ ఆ 80 బిట్లను గౌరవింపవలెను. అది అనేక ప్రోగ్రాములకు వంతులవారీగా యంత్రమును అప్పగించుచుండును. ఒకదానిని ఆపునపుడు ఎనిమిది అరలలోని సంఖ్యలను, ఒక్కొక్కటి పది బైట్ల చొప్పున, భద్రపరచి మరల అట్లే అందీయవలెను. ఎనిమిదేసి బైట్లు మాత్రమే దాచినచో తోకలు తెగును. వంతు ఎప్పుడు మారునో తెలియదు గనుక, ఒకే లెక్కకు ఈ పూట ఒక ఫలితము, రేపు వేరొక ఫలితము రావచ్చును.

మరియొక చిక్కు కలదు. ఎన్ని అంకెలవరకు సవరింపవలెనో నిర్ణయించు మీట యొకటి యంత్రములో నున్నది. 32 బిట్ల ఇంటెల్ యంత్రములపై లినక్స్ దానిని పూర్తి 64 అంకెలకు పెట్టగా, ఫ్రీబీఎస్‌డీ 53 అంకెలకు పెట్టినది. రెండును బహిరంగముగా లభించు వ్యవస్థలే. రెంటికిని కారణములు కలవు. అదనపు అంకెలున్నచో లెక్క నిశితమగును, కాని వేరు యంత్రముల ఫలితముతో సరిపోలకపోవచ్చును. అందుచేత ఫ్రీబీఎస్‌డీవారు విస్తృత సంఖ్యల గణితసూత్రములలో ప్రవేశించునప్పుడు మీటను పెంచి, వెలుపలికి వచ్చునప్పుడు యథాస్థానమున నుంచు ఏర్పాటు చేసిరి. ముద్రించునపుడును మెలకువ కావలెను: 80 బిట్ల సంఖ్య నష్టము లేక తిరిగి చదువబడవలెనన్న 21 దశాంశ అంకెలు వ్రాయవలసియుండును.

ఈ మరమ్మతులు రహస్యముగా జరుగవు. వ్యవస్థ వ్రాతప్రతి యంతయు ఎల్లరకు అందుబాటులో నున్నది. నెల్లూరులోని విద్యార్థియైనను దానిని చదివి, తప్పు చూపి, సవరణను పంపవచ్చును; తక్కినవారు పరీక్షించి స్వీకరింతురు.

అంకెలు పెంచినంతనే సమస్త దోషములు తొలగునని మాత్రము భ్రమింపరాదు. సోల చాలనిచోట కావలసినది నిశితమైన కొలత కాదు, పెద్ద పాత్ర. ఏ సంఖ్య ఎంత పెరుగునో, దేనిలో ఎంత పట్టునో ముందుగా విచారించుటయే అసలు విద్య. ఇంటి పద్దు వ్రాయు గృహిణికి తెలిసిన యీ సంగతినే శ్రీహరికోట తీరము 1993 లో మనకు పెద్ద వెలకు నేర్పినది.