పెళ్ళి పిలుపు చుట్టాలకు బరువు కాకూడదు
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆడపిల్లల చదువు గురించి మాట్లాడమని కార్యదర్శిగారు అడిగారు. పెళ్ళి గురించి మాట్లాడతానంటే కాస్త ఆశ్చర్యపోయారు. ముప్ఫయ్యేళ్ళకు దగ్గరగా బడిలో లెక్కలు చెబుతున్నాను. మన ఇళ్ళలో పదో తరగతి తర్వాత చదువు ఎందుకు మానిపించారని తల్లిని అడిగితే, ఫీజు మాట కంటే ముందు వచ్చే జవాబు ఒకటుంది: "పెళ్ళికి దాచాలి కదా టీచరమ్మా!" అందుకే నాకు ఈ రెండూ ఒకే విషయం.

మొన్న చలికాలంలో మా బంధువుల్లో ఒక పెళ్ళి గోవాలో జరిగింది. కార్డు పెట్టెలో వచ్చింది. అందులో బాదం, పిస్తా, చిన్న అత్తరు సీసా, ఒక కార్యక్రమాల కాగితం. మొదటి సాయంత్రం మెహందీ, అందరూ పసుపుపచ్చ బట్టలు. రెండోరోజు తెల్లబట్టలు, సముద్రం ఒడ్డున విందు. మూడోరోజు అసర్ నమాజు తర్వాత నిఖా. గదులు మావి, ప్రయాణం మీది అని ఫోనులో చెప్పారు. మర్యాదగానే చెప్పారు, పాపం.

గుంటూరు మీదుగా గోవాకు అమరావతి ఎక్స్‌ప్రెస్ ఉంది గానీ అది రోజూ ఉండదు. డెబ్బై దాటిన మా ఖాలాకు పైబెర్తు దొరికింది. ఎవరో కాలేజీ కుర్రాడు తన కింది బెర్తు ఇచ్చాడు, అల్లాహ్ అతణ్ణి చల్లగా చూడాలి. నాకు ఏడాదికి ఉన్న 15 క్యాజువల్ సెలవుల్లో నాలుగు అక్కడే అయిపోయాయి. అవి చిన్న సంగతులు. నేను చెప్పదలచింది పెళ్ళికూతురి పెద్ద మామూ గురించి. ఆయనకు సైకిళ్ళ రిపేరు షాపు. ఆ పిల్లను చిన్నప్పుడు బడికి సైకిలు మీద దింపింది ఆయనే. ఇంట్లో నలుగురు. రానూ పోనూ ఖర్చు, రంగురంగుల బట్టలు, ఇచ్చే సలామీ, మూసిన షాపు, అన్నీ లెక్క వేసుకుని నడుము నొప్పి అని చెప్పాడు. మేం బయలుదేరే ముందు మా ఇంటికి నడిచి వచ్చి, పిల్లకు ఇవ్వమని 1,100 రూపాయలున్న కవరు నా చేతిలో పెట్టాడు. నడుము నొప్పి ఆయన నడకలో నాకైతే కనిపించలేదు.

ఇలాంటి పెళ్ళిళ్ళు చేసేవారి వాదన కూడా వినాలి. ఊళ్ళో ఫంక్షన్ హాలులో రెండువేల మందికి బిర్యానీ పెట్టేకంటే, వందమందితో బయట చేసుకోవడం చవక అంటారు. కాగితం మీద కొన్నిసార్లు నిజమే. కానీ తగ్గిన ఖర్చులో కొంత చుట్టాల జేబులోకి మారింది. పైగా తిరిగి వచ్చాక ఊళ్ళో రిసెప్షన్ ఎలాగూ తప్పడం లేదు. ఇక ఆ వందమందిని ఎంచేటప్పుడు మొదట ఎవరి పేరు పోతుందో మనందరికీ తెలుసు. ధనవంతుల్ని పిలిచి పేదల్ని వదిలేసే వలీమా భోజనాన్ని హదీసులో అన్నిటికన్నా చెడ్డ భోజనంగా చెప్పారు. ఖరీదైన రిసార్టుకు పిలిచి, రాలేని పరిస్థితి కల్పించడం వదిలేయడానికి ఎంత దూరం?

సహీహ్ బుఖారీలో ఉన్న ఒక సంఘటన మీకు తెలిసిందే. హజ్రత్ అబ్దుర్ రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) బట్టల మీద పచ్చని సుగంధం మరక చూసి దైవప్రవక్త (సఅసం) ఏమిటని అడిగారు. ఒక అన్సారీ స్త్రీని పెళ్ళి చేసుకున్నానని, ఖర్జూరపు గింజంత బరువు బంగారం మెహర్‌గా ఇచ్చానని ఆయన చెప్పారు. ప్రవక్త దీవించి, ఒక్క గొర్రెతోనైనా వలీమా చేయమన్నారు. ఒక్క క్షణం ఆలోచించండి. అదే మదీనాలో ఉన్న ప్రవక్తకే ఆ పెళ్ళి సంగతి తర్వాత తెలిసింది. నన్ను పిలవలేదేమని ఆయన అడగలేదు. మన దగ్గర కార్డు ఒకరోజు ఆలస్యమైతే రెండేళ్ళు మాటలుండవు!

వలీమా మగపెళ్ళివారి బాధ్యత. ఆడపిల్ల తండ్రి వందలమందికి భోజనం పెట్టాలని దీనులో ఎక్కడా లేదు. అయినా హోటలు ఏదో, మెనూ ఏదో మగపెళ్ళివారు చెబుతారు, బిల్లు ఆయన కడతాడు. మేం కట్నం అడగలేదని కూడా అంటారు. ఇంత ఆర్భాటం చేసిన చోటే మెహర్ దగ్గరకొచ్చేసరికి "తర్వాత ఇస్తాం" అని రాయిస్తారు. పూలవాడికి అడ్వాన్సు, పెళ్ళికూతురికి అప్పు.

లెక్కల టీచర్ని కనుక రెండు లెక్కలు. రోజు అద్దె 7,500 రూపాయలు దాటిన హోటల్ గదికి 18 శాతం జీఎస్టీ ఉంది. గది 8,000 చొప్పున 40 గదులు మూడు రాత్రులకు 9,60,000 అద్దె. పన్ను 1,72,800. మన సొసైటీ ఇంటర్ చదివే అమ్మాయికి ఏడాదికి ఇచ్చేది 12,000. పన్ను ఒక్కటే 14 మంది పిల్లల ఏడాది చదువు.

రెండోది అప్పు చేసేవారిది. 10 లక్షలు 14 శాతం వడ్డీకి అయిదేళ్ళకు తీసుకుంటే నెలకు 23,270 దాకా కట్టాలి, మొత్తం దాదాపు 13 లక్షల 96 వేలు. సున్నత్ నెరవేర్చడానికి వడ్డీలోకి దిగడం! పెళ్ళికొడుకు సెలవు అయిపోయి దుబాయి వెళ్ళిపోతాడు, వాయిదా మాత్రం ప్రతి నెలా తండ్రి గుమ్మంలోనే ఉంటుంది.

ఉన్నవారు తమ డబ్బు ఖర్చు పెట్టుకుంటే నీకేమిటని అడగవచ్చు. మన గల్లీలో ఒక పంక్చర్ షాపు ఆయన కూతురు తొమ్మిదిలో నా దగ్గర చదువుతోంది. లెక్కల్లో నూటికి తొంభై తగ్గదు. "ఫలానావారింట్లో స్టేజీ మీద పొగ వచ్చింది, మా అమ్మాయికీ అలా చేయాలి" అని ఆయన నాతోనే అన్నాడు. మీ ఇంటి పెళ్ళి వీడియో ఆయన ఫోనులో ఉంది. 2022లో మన రాష్ట్రంలో షాదీ తోఫా ప్రకటించి, వధూవరులిద్దరూ పదో తరగతి పాసై ఉండాలన్న షరతు పెట్టినప్పుడు, మార్కుల మెమోల కోసం తండ్రులు బడికి రావడం చూశాను. పెళ్ళి ఆశ చూపితే గానీ ఆ మెమో విలువ తెలియలేదు. సరే, ఎలాగో తెలిసింది.

చివరిగా ఒక పని గురించి. మన షాదీఖానాలో స్తోమత ఉన్నవారెవరూ పెళ్ళి చేయరు. కారణాలున్నాయి. వంటగది నీళ్ళు వాకిట్లోకి వస్తాయి, ఆడవాళ్ళ వైపు రెండే బాత్‌రూములు, భోజనాల హాలు మేడమీద ఉంటే ముసలివాళ్ళకు మెట్లే దిక్కు. అందుకే అక్కడ చేస్తే పేదవాడి పెళ్ళి అన్న ముద్ర పడింది. బాగుచేయించడం ఒక సగం. రెండో సగం డబ్బుతో కాదు, మీలో ఎవరైనా ముందు మీ ఇంటి పెళ్ళి అక్కడ చేస్తే అవుతుంది. నిఖా మస్జిదులో, వలీమా షాదీఖానాలో, సైకిళ్ళ షాపు మామూ నడిచి రాగలిగినంత దూరంలో. షవ్వాల్‌లో ముహూర్తాలు పెట్టుకున్నవారు ఈ సభలోనే ఇద్దరు ముగ్గురున్నారని విన్నాను. మేస్త్రీ కొలతలు తీసి రాసిచ్చిన అంచనా కాగితం కార్యదర్శిగారి దగ్గర ఉంది. భోజనాలకు లేచేముందు ఒకసారి చూడండి.