విడిపోయిన దంపతులు – విడిపోని బాధ్యత

సమస్త ప్రశంసలకు అర్హుడు అల్లాహ్ మాత్రమే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం)పై, వారి కుటుంబంపై, సహచరులపై శాంతి శుభాలు వర్షించుగాక!

ప్రియమైన ధర్మ సోదరులారా! తెర వెనుక ఆలకిస్తున్న తల్లులారా, సోదరీమణులారా! ముందుగా నాకూ, మీకూ దైవభీతిని ఉపదేశిస్తున్నాను. ఎవరూ చూడని చోట సైతం అల్లాహ్ చూస్తున్నాడన్న స్పృహే దైవభీతి. అది మసీదులో కంటే ఇంట్లో, స్నేహంలో కంటే తగాదాలో ఎక్కువగా పరీక్షకు గురవుతుంది. తలాఖ్, ఖులాల తరువాత బిడ్డ విషయంలో ఎదురయ్యే పరీక్ష అన్నింటికన్నా కఠినమైనది.

ఇస్లాం విడాకులను అనుమతించింది. అయితే అది భార్యాభర్తల బంధానికి ముగింపే తప్ప తల్లిదండ్రుల బంధానికి ముగింపు కాదు. ఇద్దత్ గడువు ముగిసిన తరువాత ఆమె ఇతనికి భార్య కాదు. కాని ఆ బిడ్డకు ఆమె తల్లిగానే, ఇతడు తండ్రిగానే ప్రళయదినం వరకు ఉంటారు. దివ్య ఖుర్ఆన్‌లోని బఖరా సూరా 233వ ఆయతు ఈ సంగతినే బోధిస్తోంది. బిడ్డను అడ్డుపెట్టుకుని తల్లిని బాధించరాదు, అదే బిడ్డను అడ్డుపెట్టుకుని తండ్రినీ బాధించరాదు అన్నది దాని సారాంశం. పాలు మాన్పించే విషయంలో సైతం ఇద్దరూ సంప్రదించుకుని, అంగీకారానికి రావాలని ఆ ఆయతు కోరుతోంది. పాలు మాన్పించడానికే సంప్రదింపు అవసరమైతే, బిడ్డ ఎక్కడ పెరగాలి, ఎవరిని ఎప్పుడు కలుసుకోవాలి అన్న విషయాలను ఒక్కరే మొండిగా తేల్చివేయడం ఎలా సమంజసమవుతుంది?

సోదరులారా! హజ్రత్ ఉమర్ (రజియల్లాహు అన్హు) జీవితంలోని ఒక సంఘటనను గుర్తు చేసుకుందాం. ఆయన తన భార్యల్లో ఒకరికి విడాకులిచ్చారు. వారి కుమారుడు ఆసిమ్. ఒకనాడు ఖుబా మసీదు ఆవరణలో ఆడుకుంటున్న ఆ పిల్లవాణ్ణి చూసి, చేయి పట్టుకుని, తన వాహనంపై కూర్చోబెట్టుకున్నారు. పిల్లవాని అమ్మమ్మ వెంటనే వచ్చి అడ్డుకున్నారు. వివాదం ఖలీఫా హజ్రత్ అబూ బక్ర్ (రజియల్లాహు అన్హు) వద్దకు చేరింది. పిల్లవాణ్ణి ఆమెకే విడిచిపెట్టమని ఆయన తీర్పు చెప్పారు. ఉమర్ అంతటి ధీరుడు మారుమాట పలకలేదు. అక్కడ ఓడిపోయింది ఒక తండ్రి కాదు. గెలిచింది ఒక బిడ్డ క్షేమం. తీర్పు తనకు వ్యతిరేకంగా వచ్చినప్పుడు మౌనంగా శిరసు వంచడం కూడా విశ్వాసమేనని ఆ మహనీయుడు మనకు నేర్పారు.

ధర్మశాస్త్రంలో చిన్నారి పెంపకాన్ని హిజానత్ అంటారు. హనఫీ సంప్రదాయం ప్రకారం మగబిడ్డకు ఏడేళ్లు వచ్చేవరకు, ఆడబిడ్డకు యుక్తవయస్సు వచ్చేవరకు ఆ హక్కు తల్లిది. పోషణ భారం మాత్రం తండ్రిదే. మన దేశ చట్టం కూడా బిడ్డ క్షేమాన్నే కేంద్రంగా చేసుకుంది. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టంలోని 17వ సెక్షన్ బిడ్డ మతధర్మాన్ని, వయస్సును, సంరక్షకుని శీలాన్ని గమనించి, బిడ్డ క్షేమానికి తగినట్లు నిర్ణయించమని న్యాయస్థానాన్ని ఆదేశిస్తోంది. ఊహ తెలిసిన బిడ్డ ఇష్టాన్ని కూడా పరిగణించవచ్చునని అంటోంది. తల్లిదండ్రులిద్దరి ప్రేమా పొందే హక్కు బిడ్డకు ఉందని, పెంపకం ఒకరికి అప్పగించినా రెండవవారు కలుసుకునేందుకు, ఫోన్‌లోనో వీడియోలోనో మాట్లాడేందుకు వీలు కల్పించాలని సుప్రీంకోర్టు 2020 జనవరిలో స్పష్టం చేసింది.

ఇక మన గోదావరి సీమ సంగతి చూద్దాం. రాజమహేంద్రవరంలో తల్లి, వంతెన దాటితే కొవ్వూరులో తండ్రి. మధ్యన ఉన్నది ఒక్క నది. కాని పంతం వల్ల ఆ నది సముద్రమవుతోంది. నర్సాపురం, పాలకొల్లు, రాజోలు, అమలాపురం ప్రాంతాల నుంచి ఎందరో తల్లులు కువైట్‌కు, ఇతర గల్ఫ్ దేశాలకు ఇంటిపనికి వెళ్లారు. వారి బిడ్డ నాయనమ్మ దగ్గరో, అమ్మమ్మ దగ్గరో పెరుగుతుంది. దంపతుల మధ్య చెడితే ముందుగా ఆగిపోయేది ఫోన్. కువైట్ సమయం మనకన్నా రెండున్నర గంటలు వెనుక; అక్కడ ఆమె పని ముగించుకుని ఫోన్ చేసేసరికి ఇక్కడ “పిల్ల నిద్రపోయింది” అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. ఆ జవాబు నిజమా, అబద్ధమా అన్నది అల్లాహ్‌కు తెలుసు. తల్లినీ బిడ్డనూ వేరు చేసినవారిని ప్రళయదినాన వారి ఆత్మీయుల నుంచి అల్లాహ్ వేరు చేస్తాడని ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) హెచ్చరించిన సంగతిని ఆ ఇంటివారు మరువకూడదు.

బిడ్డను తీసుకుని దూరం వెళ్లిపోవడం కూడా పరిష్కారం కాదు. అమెరికాలో నివసించిన ఒక తెలుగు జంట వివాదంలో, తల్లి ఇద్దరు పిల్లలను 2017లో హైదరాబాదుకు తీసుకువచ్చారు. ఆ పిల్లల సాధారణ నివాసం ఇక్కడ కాదని, వారు తిరిగి అమెరికాకు వెళ్లవలసిందేనని 2019 మార్చిలో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. రెండేళ్లపాటు ఆ వివాదం పిల్లల బాల్యం మీదుగానే నడిచింది.

కాబట్టి కొన్ని విషయాలను గట్టిగా పాటిద్దాం. మొదటిది: “బిడ్డను చూపించడం లేదు కనుక ఖర్చులు ఇవ్వను” అని తండ్రి అనరాదు. “ఖర్చులు ఇవ్వడం లేదు కనుక చూపించను” అని తల్లి అనరాదు. పోషణ బిడ్డకు తీర్చవలసిన ఒక అప్పు. కలయిక మరొక అప్పు. ఒకరు బాకీపడ్డారని మరొకరు ఎగవేస్తే, రెండు విధాలా నష్టపోయేది బిడ్డే. రెండవది: మహర్ సొమ్మును, సామానును, కేసులను బిడ్డతో ముడిపెట్టి బేరమాడరాదు. మూడవది: బిడ్డ ఎదుట రెండవవారిని నిందించరాదు, కబుర్లు మోసే పని బిడ్డకు అప్పగించరాదు.

జమాఅత్ పెద్దలారా! మీరు ఒప్పందం కుదిర్చేటప్పుడు బిడ్డ విషయాన్ని “తరువాత చూద్దాం” అని వదిలేయకండి. వారంలో ఏ రోజు, ఎన్ని గంటలు, రంజాన్, బక్రీద్ పండుగలు ఎవరి వద్ద, వేసవి సెలవులు ఎవరి వద్ద, ఫోన్ ఏ వేళకు అన్నది కాగితంపై రాయించండి. దానికి న్యాయస్థానం ఆమోదం కూడా పొందించండి. లాయర్‌ను పెట్టుకునే స్తోమత లేని తల్లి వస్తే, రాజమహేంద్రవరంలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తోడుగా వెళ్లండి. 1987 చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు అక్కడ న్యాయసహాయం ఉచితం; 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చూపుతారు.

ధవళేశ్వరం వద్ద గోదావరి నీరు తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు పంపకమవుతుంది. ఏ గట్టు రైతూ ఎదుటి గట్టు చేను ఎండాలని కోరుకోడు. ఇద్దరు మనుషులు విడిపోయినప్పుడు ప్రేమ కూడా అలాగే రెండు కాలువలుగా పారాలి. ఏ లాకూ మూతపడకూడదు.

ఓ అల్లాహ్! విడిపోయిన దంపతుల హృదయాల నుంచి పగను తొలగించు. వారి బిడ్డలను నీ సంరక్షణలో ఉంచు. తీర్పు చెప్పేవారికి న్యాయబుద్ధిని, తీర్పు వినేవారికి సహనాన్ని ప్రసాదించు. ఆమీన్!