విమానం కుమ్మరించే ఎర్ర గీత

అమెరికాలో అడవి తగలబడితే టీవీలో ఒక దృశ్యం తప్పక కనిపిస్తుంది. పెద్ద విమానం కొండవాలు మీదికి దిగి, ఎర్రటి ద్రవం కుమ్మరించి వెళ్తుంది. చూసేవాళ్లకు ప్రాణం లేచొస్తుంది.

మరి ఆ ద్రవం మంటను ఆర్పుతుందా? సాధారణంగా ఆర్పదు. నెమ్మదింపజేస్తుంది, అంతే. అందులో ఉండేవి నీళ్లు, మన రైతులు ఎరువుగా వాడే రకం అమ్మోనియం ఫాస్ఫేట్ లవణాలు. ఎక్కడ పడిందో పైలట్‌కు కనిపించాలని ఎర్ర రంగు. అది పడిన ఆకూ కొమ్మా త్వరగా అంటుకోవు. ఆలోగా నేల మీది సిబ్బంది తుప్పలు నరికి, మట్టి తేలేదాకా తవ్వాలి. వాళ్లు చేరలేకపోతే మంట ఆ ఎర్ర గీతను దాటేయవచ్చు.

ఇక ఖర్చు. విమానం ఎగిరిన గంటలకే కాదు, ఎగరకుండా సిద్ధంగా ఉంచినందుకూ డబ్బు కట్టాలి. అందుకే ఎప్పుడు పంపాలన్నదే అసలు ప్రశ్న. డేవిడ్ కాల్కిన్ అనే పరిశోధకుడు అమెరికా అటవీశాఖలో ఈ లెక్కలే చూశారు. మంట చిన్నగా ఉన్నప్పుడే పెద్ద విమానాన్ని పంపాలన్నది అక్కడి ఆలోచన. కానీ ఆయన బృందం 2014లో ప్రచురించిన అధ్యయనంలో తేలింది వేరు. చాలాసార్లు విమానం వెళ్లింది మంట చెయ్యి దాటాకే. మండే మధ్యాహ్నం, నిటారు కొండలు, దట్టమైన చెట్లు: ద్రవం తక్కువగా పనిచేసే చోటే ఎక్కువ వాడకం అని తర్వాతి పరిశోధన చూపింది.

నాకు బాధ కలిగించేది డబ్బొక్కటే కాదు. అలాంటి ప్రతి ప్రయాణంలోనూ పైలట్లు ప్రాణాలకు తెగించి పొగలోకి దిగుతారు.