పొదిగే చోట్లు – చిన్న కంపెనీలు
(మన సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణం ముగిసిన తరువాత కొత్త పరిశ్రమలను గురించి నాలుగు మాటలు చెప్పవలసిందని కార్యవర్గం వారు మమ్ములను కోరారు. ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు విన్న చెవులతోనే కంపెనీల సంగతి వినడం అంత అసందర్భమేమీ కాదు. ఈ మధ్య మన ఇళ్ళలో ఒక మాట తరచు వినబడుతున్నది. ఇంజనీరింగు ముగించిన అబ్బాయో అమ్మాయో వచ్చి, “ఉద్యోగంలో చేరను, ఇంక్యుబేటరులో చోటు దొరికింది, స్నేహితులతో కలిసి కంపెనీ పెడతాను” అంటారు. అది చదువో, ఉద్యోగమో, అద్దె గదో తండ్రికి బోధపడదు. తల్లి తన చేతి గాజుల వంక చూసుకుంటుంది. ఊళ్ళో మిగిలిన రెండెకరాల మాట కూడా ఆ రాత్రే వస్తుంది. కావున అక్కడ అసలు జరిగేదేమిటో తెలుసుకోవడం మనకు అవసరం.

ఇంక్యుబేటరు అంటే గుడ్లను పొదిగించే యంత్రం. ఆ పేరు కంపెనీలకు తగులుకోవడం వెనుక ఒక వేడుకైన కథ ఉన్నది. అమెరికాలో న్యూయార్కు రాష్ట్రంలోని బటేవియా అనే చిన్న పట్టణంలో వ్యవసాయ యంత్రాల కర్మాగారం మూతబడి ఎందరో పని పోగొట్టుకున్నారు. మాంకూసో అనే వ్యాపార కుటుంబం ఆ భవనాన్ని కొన్నది. సుమారు 8 లక్షల 50 వేల చదరపు అడుగుల ఆ చోటును ఒక్కరే అద్దెకు తీసుకొనేవారు దొరకలేదు. 1959లో జోసెఫ్ మాంకూసో దానిని గదులుగా విడగొట్టి చిన్న వ్యాపారాలకు ఇచ్చాడు. ఆఫీసు పనులకు ఉమ్మడి ఏర్పాట్లు చేశాడు. అప్పు ఎక్కడ పుడుతుందో, వ్యాపారం ఎట్లా నడపాలో సలహా చెప్పాడు. అద్దెకు దిగినవారిలో కోడిపిల్లల కంపెనీ ఒకటి ఉన్నది. దానిని చూసి హాస్యానికి అన్న పేరే లోకమంతా నిలిచిపోయింది.

దాదాపు ఆ కాలంలోనే, 1958లో, మన చెన్నపట్టణంలో గిండీ పారిశ్రామికవాడ వెలిసింది. షెడ్డు, కరెంటు, రోడ్డు అమర్చి ఇస్తే లేతు తెచ్చుకున్నవాడు మర్నాటినుంచే పని మొదలుపెట్టగలిగేవాడు. చేయబోయే వస్తువేదో అతనికి ముందే తెలుసు. నేటి సాంకేతిక కంపెనీ చిక్కు వేరు. తాను చేసేది పనిచేస్తుందో లేదో, పనిచేసినా ఎవరైనా కొంటారో లేదో దానికే తెలియదు. ఈ రెండు ప్రశ్నలకు తక్కువ ఖర్చులో, తొందరగా జవాబు రాబట్టడమే పొదిగే చోటు చేయవలసిన పని. అద్దాల గోడలు, రంగు రంగుల కుర్చీలు, ఉచిత కాఫీ అన్నీ పెళ్ళిపందిరి అలంకారాలే.

గిండీకి దగ్గరనే, తరమణిలో, ఐఐటి మద్రాసు వారి రీసెర్చి పార్కు 2010లో మొదలయింది. దీనిని నిలబెట్టిన ఆచార్య అశోక్ ఝున్‌ఝున్‌వాలా గారి పేరు మీలో చాలామంది వినే ఉంటారు. అక్కడ ఒక నియమం మాకు మిక్కిలి నచ్చింది. అందులో చోటు తీసుకున్న కంపెనీ అద్దె కట్టి తలుపు వేసుకుంటే కుదరదు. ఐఐటితో కలిసి పరిశోధన చేయాలి, విద్యార్థులకు పని ఇవ్వాలి, అట్టి పనులకు లెక్కగట్టే ‘క్రెడిట్లు’ సంపాదించాలి. పక్కపక్కన కూర్చున్నంత మాత్రాన మనుషులు కలవరు గదా!

ఆ సంస్థ నీడన ఎదిగిన కంపెనీలలో ఏథర్ ఒకటి. తరుణ్ మెహతా, స్వప్నిల్ జైన్ అనే ఇద్దరు పూర్వవిద్యార్థులు 2013లో దీనిని ఆరంభించారు. మొదట వారు తలపెట్టినది విద్యుత్ వాహనాలకు బ్యాటరీ చేయడం. బజారులో ఉన్న బండ్లను పరిశీలించిన మీదట, మంచి బ్యాటరీకి తగిన బండే లేదని తెలిసి, స్కూటరే చేయబూనారు. ఆ స్కూటరు బెంగళూరు వీధులలోకి వచ్చేసరికి 2018 అయింది. మధ్య ఐదేళ్ళు! ఆ ఐదేళ్ళూ ఏ తండ్రి జీతం మీదనో నడిచే పని కాదు. మన వారు తరతరాలుగా ఉంటున్న హోసూరులో నేడు దాని కర్మాగారం ఉన్నది.

రాకెట్టు చేసే అగ్నికుల్ సంగతి ఇంకా విచిత్రం. 2017లో పుట్టిన ఈ చిన్న కంపెనీ సొంతంగా ఇంజను పరీక్షశాల కట్టుకోవాలంటే పుట్టకముందే అప్పులపాలయ్యేది. ఐఐటిలో దహన పరిశోధనకు వేరే కేంద్రమే ఉండటం దానికి కలిసివచ్చింది. అతుకు లేకుండా ఒకే ముక్కగా త్రీడీ ముద్రణలో పోతపోసిన ఇంజనుతో, పలుమార్లు వాయిదా పడిన మీదట, 2024 మే 30న దాని రాకెట్టు మన శ్రీహరికోటనుంచి ఎగిరింది. అంతకు ముందే, 2022 నవంబరు 18న, హైదరాబాదు కంపెనీ స్కైరూట్ వారి విక్రమ్-ఎస్ అక్కడినుంచే లేచింది. ఇస్రోలో పనిచేసిన పవన్ కుమార్ చందన, నాగభరత్ డాకా దానిని 2018లో స్థాపించారు.

హైదరాబాదులో టీ-హబ్ 2015 నవంబరులో ఆరంభమయింది. 2022 జూన్‌లో రాయదుర్గంలో 5 లక్షల చదరపు అడుగులు దాటిన భవనంలోకి మారింది. భవనం పెద్దదే. మా మట్టుకు 2023 మార్చిలో తెరిచిన టీ-వర్క్స్ ఎక్కువ ముచ్చటగా తోచింది. వస్తువు నమూనా చేసుకోవడానికి కావలసిన యంత్రాలను అక్కడ ఒకచోట చేర్చి పెట్టారు. నమూనా పది మార్లు చెడకుండా ఏ వస్తువూ కుదరదు. ప్రతి మారూ యంత్రం కొనలేము.

ఇక డబ్బు సంగతి. 2021లో కేంద్ర ప్రభుత్వం 945 కోట్ల రూపాయలతో మొదలుపెట్టిన విత్తన నిధి పథకంలో సొమ్మును ఇట్టి కేంద్రాల ద్వారానే పంచారు. నమూనాకు, పరీక్షలకు 20 లక్షల వరకు గ్రాంటు. అమ్మకం మొదలుపెట్టడానికి 50 లక్షల వరకు అప్పుగానో, ఆ తీరు మరో ఏర్పాటుగానో. గ్రాంటు ఒక్కమారుగా చేతిలో పెట్టరు, పని సాగినకొద్దీ విడతలుగా ఇస్తారు. తల్లి గాజులకంటే ఈ డబ్బు మేలు. ఎందుకంటే అది అడుగడుగునా లెక్క అడుగుతుంది. తల్లి అడగదు.

కావున మీ పిల్లలు చోటు దొరికిందంటే సంతోషించండి. కాని నాలుగు ప్రశ్నలు వేయండి. అక్కడ వాడుకోవడానికి ఏ పరికరాలు ఉన్నాయి? సలహా చెప్పే పెద్దమనిషి ఎప్పుడైనా సొంతంగా సరుకు చేసి అమ్మినవాడేనా? చోటు ఇచ్చినందుకు కంపెనీలో వాటా ఎంత అడుగుతున్నారు? ఎన్ని నెలలకు ఖాళీ చేయాలి? చివరి ప్రశ్న ముఖ్యం. సత్రంలో బస మూడు రోజులే. కోడి కూడా గుడ్డు మీద ఇరవై ఒక్క రోజులకు మించి కూర్చోదు. ఎన్నేళ్ళయినా ఉండనిచ్చే చోటుందంటే, అక్కడివారికి కంపెనీ ఎదగడంకంటే గది నిండి ఉండటమే కావలసినదని అనుమానించవచ్చు.

ఆ కేంద్రాలన్నింటా మాకు కనిపించే కొరత ఒకటే, మొదటి కొనుగోలుదారు. పెద్ద కంపెనీలకు పరిచయం చేయిస్తారు, సభలు జరిపిస్తారు. కాని పరిచయం వేరు, పర్చేజి ఆర్డరు వేరు. కొనేవాడు లేడని ఆరు నెలలలో తేలితే కంపెనీ మూసి ఉద్యోగానికి వెళ్ళవచ్చు, ఎకరం మిగులుతుంది. ఆరేళ్ళకు తేలితే మిగలదు.

ఇక్కడ మన సంఘం చేయగల పని ఉన్నది. ఈ హాలులో కూర్చున్నవారిలో బ్యాంకులో అప్పులు మంజూరు చేసి రిటైరైనవారున్నారు, మిల్లుకు సామాను కొన్నవారున్నారు, ఆసుపత్రి నడిపేవారున్నారు, జీఎస్టీ లెక్కలు కళ్ళు మూసుకొని చెప్పగలవారున్నారు. మన గ్రంథాలయం గది ఆదివారం మధ్యాహ్నం ఖాళీగానే ఉంటున్నది. నెలకొక ఆదివారం రెండు గంటలు కూర్చుంటే, పిల్లలు తాము చేసినది తెచ్చి చూపుతారు. మెచ్చుకోనక్కరలేదు. “ఇది మా మిల్లులో కొంటామా, కొనమా, ఎందుకు?” అన్నంత చెబితే చాలు. కార్యదర్శిగారు ఒప్పుకున్నారు. గుమ్మం దగ్గర బల్లమీద నోటుపుస్తకం పెట్టించాము. పేరు, తెలిసిన పని, వీలైన ఆదివారం రాసి వెళ్ళండి. పులిహోర వడ్డన ఆ పక్కనే.