కరెంటు వచ్చిన తర్వాత

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరెంటు పోయినప్పుడు కంప్యూటర్ల సంగతి ఏమిటో నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు అడిగారు. ఆ విషయంలో నాకు ఏ డిగ్రీ లేదు. ఒక తప్పు చేసిన అనుభవం మాత్రం ఉంది. దాన్నే చెబుతాను.

బ్యాంకుల్లో కంప్యూటర్ల మీద డాక్టర్ సి. రంగరాజన్ గారి కమిటీ 1984లో ఒకసారి, 1989లో మరోసారి నివేదికలు ఇచ్చింది. ఆ రోజుల్లో కంప్యూటర్లు వద్దని గేటు మీటింగుల్లో గొంతు చించుకున్న వాళ్లలో నేనూ ఒకణ్ణి. తర్వాత ట్రైనింగుకి పంపింది నన్నే. తిరిగి వచ్చేసరికి దిల్‌సుఖ్‌నగర్‌లో మా శాఖకు ఒక సర్వరు, దానికి కాపలాదారుగా నేను!

ఆ శాఖ విజయవాడ రోడ్డు మీద ఉండేది. ఒకవైపు కోచింగ్ సెంటర్ల పిల్లలు డ్రాఫ్టుల కోసం వచ్చేవారు. మరోవైపు గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ వర్తకులు. మార్కెట్ 2021లో బాటసింగారం తరలిపోయింది గాని, అప్పట్లో మామిడి సీజనంటే మాకు ఊపిరాడేది కాదు. వీళ్లందరి మధ్యన ఒకటో తారీఖున పెన్షనర్లు.

1998 జూన్ 1, సోమవారం. పెన్షన్లు శనివారమే జమ వేశాం. పొద్దున పదిన్నరకే హాలంతా నిండిపోయింది. పదకొండు కాకముందే కరెంటు పోయింది. మాకు భయం లేదు, యూపీఎస్ ఉంది, రెండు గంటలు ఆగుతుందని కాగితం మీద ఉంది. అది పన్నెండు నిమిషాలు కూతపెట్టి చచ్చిపోయింది. దానితో పాటు సర్వరూ పోయింది. జనరేటరు ఫైలు ఇంకా పైఆఫీసులో తిరుగుతూనే ఉంది.

ఎందుకు ఆగలేదో తర్వాత తెలిసింది. బేటరీలు మెట్ల కింద గాలాడని మూలన పెట్టాం. ఈ జాతి బేటరీలకు ఇరవై అయిదు డిగ్రీల వేడి ఇష్టం. అక్కడి నుంచి సుమారు పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుంది. మన మే నెలలో మెట్ల కింద ఎంత ఉంటుందో మీరే ఊహించండి. ఒక్కసారైనా మెయిను ఆపి ఎంతసేపు ఆగుతాయో చూసిన పాపాన పోలేదు. దానికి తోడు మేనేజరు గారి గది కూలరు కూడా యూపీఎస్ లైనుకే తగిలించి ఉంది. తగిలిస్తుంటే చూసి ఊరుకున్నది నేనే.

ఇంతవరకు జరిగింది పెద్ద నష్టం కాదు. అసలు నష్టం కరెంటు వచ్చాక జరిగింది. నలభై నిమిషాలకు లైట్లు వెలిగాయి. హాల్లో చప్పట్లు కూడా కొట్టారు. నేను పరుగున వెళ్లి సర్వరు ఆన్ చేశాను. యూనిక్స్ సర్వరు అర్ధాంతరంగా ఆగితే, మళ్లీ లేచేటప్పుడు తన డిస్కునంతా తానే తనిఖీ చేసుకుంటుంది. సగంలో ఆగిన రాతలను సరిచేస్తుంది. ఆపరేషన్ బల్ల మీద కడుపు తెరిచి ఉన్న రోగి లాంటి స్థితి అది. సరిగ్గా ఆ సమయంలో కరెంటు మళ్లీ పోయింది. యూపీఎస్‌లో అప్పటికి చుక్క శక్తి లేదు. మొదటి దెబ్బకు తట్టుకున్న ఖాతాల ఫైలు రెండో దెబ్బకు చెడింది. పదిహేను నిమిషాలు చేతులు కట్టుకుని కూర్చుని ఉంటే ఆ రోజు ఈ కథే లేదు.

ఒంటిగంటకు కరెంటు నిలకడగా వచ్చింది. బీరువా తెరిచి శనివారం రాత్రి తీసిన టేపు పెట్టాను. చదవలేనంది. మళ్లీ పెట్టాను, మళ్లీ అదే. రోజూ టేపు తీసి, రిజిస్టరులో సంతకం చేసి, బీరువాలో పెట్టి తాళం వేశాం. తీసిన టేపు చదువుతుందా లేదా అని ఏ రోజూ చూడలేదు. శుక్రవారం టేపు చదివింది. కాని శుక్రవారం నాటికి ఎవరి ఖాతాలోనూ పెన్షను పడలేదు! మిషను లెక్క ప్రకారం, హాల్లో కూర్చున్న ఆ పెద్దలకు ఇవ్వవలసింది ఏమీ లేదు.

వరసలో ముందున్న ఒక పెద్దావిడ, ఉపాధ్యాయుని భార్య, కుటుంబ పెన్షను తీసుకునే ఆవిడ, కౌంటరు దగ్గరికి వచ్చి అడిగారు: "బాబూ, కరెంటు పోతే లైటు పోవాలి గాని నా డబ్బు ఎక్కడికి పోతుంది?" నా దగ్గర జవాబు లేదు.

జవాబు మా హెడ్ క్లర్కు గారి బీరువాలో ఉంది. రిటైర్‌మెంటుకు దగ్గర పడిన మనిషి. సాయంత్రం ఎంత ఆలస్యమైనా అన్ని ఖాతాల నిల్వల జాబితా ప్రింటు తీయించి, సంతకం పెట్టి, తాడు కట్టి దాచేవారు. "కంప్యూటరు ఉండగా ఈ కాగితం దండగ ఎందుకండీ" అని మేము కుర్రవాళ్లం నవ్వేవాళ్లం. ఆయన శనివారం జాబితా తెచ్చి బల్ల మీద పరిచారు. పెన్షన్లు జమ పడిన తర్వాతి నిల్వలు అవి. మేనేజరు గారు తన బాధ్యత మీద చెల్లింపులకు ఒప్పుకున్నారు. ఎవరికి ఎంత ఇచ్చామో ఆ జాబితా పక్కనే ఎర్ర సిరాతో రాసి, పాసు పుస్తకంలో చేత్తో రాసి సంతకం పెట్టి ఇచ్చాం. ఒకరికి రెండుసార్లు పోకుండా ఎర్ర సిరాయే కాపలా. నాలుగు దాటాక గాని హాలు ఖాళీ కాలేదు, కాని ఒక్కరినీ ఉత్త చేతులతో పంపలేదు.

సాయంత్రం నుంచి శుక్రవారం టేపు మీద శనివారం వోచర్లన్నీ, ఆ తర్వాత సోమవారానివి మళ్లీ ఎక్కించాం. రాత్రి పదకొండుకు 270 రూపాయలు తేడా వచ్చింది. పాత లెడ్జరు ఉద్యోగులకు ఇక్కడ నవ్వు రావాలి. తేడా తొమ్మిదితో భాగిస్తే శేషం లేకుండా పోతే అంకెలు తారుమారయ్యాయేమో చూడాలి కదా! చూస్తే దొరికింది, 1,740 బదులు 1,470 కొట్టాను. స్కూటరు మీద ఎల్బీ నగర్ ఇంటికి చేరేసరికి అర్ధరాత్రి దాటింది.

మర్నాడు ఒక కాగితం రాసి సర్వరు గది తలుపుకి అంటించాను. కరెంటు వచ్చాక పావుగంట ఏదీ ముట్టుకోకూడదు. ముందు యూపీఎస్‌కు కాస్త ఛార్జి ఎక్కాలి. ఆ తర్వాత సర్వరు ఒక్కటే, తనిఖీ పూర్తయ్యే దాకా దాన్ని కదిలించకూడదు. ఆఖరున ఎక్కిన వోచరు నంబరు చేతిలోని వోచరుతో సరిచూశాకే కౌంటర్లు తెరవాలి. నెలకోసారి ఒక టేపును వేరే మిషనులో ఎక్కించి చదివించాలి. కూలరు సంగతి రాయలేదు. నేనే వెళ్లి తీసేశాను.

ఈ "వరస" అనేది చిన్న సర్వరుకే కాదు, దేశానికీ అంతేనని 2012లో అర్థమైంది. ఆ జులై 30న ఉత్తర గ్రిడ్, మరునాడు ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ కూలిపోయాయి. అరవై కోట్లకు పైగా జనం ఉండే ప్రాంతం అది. మన దక్షిణ గ్రిడ్ అప్పటికి వాటితో ఒకే ఫ్రీక్వెన్సీలో కలవలేదు కనుక మనకు ఆ దెబ్బ తగల్లేదు. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ లైనుతో కలిసింది. గ్రిడ్ పడిపోయాక బొగ్గు స్టేషను తనంతట తాను లేవలేదు. దాని పంపులకూ, ఫ్యాన్లకూ ముందు కరెంటు కావాలి. నీళ్ల మీద నడిచే జల విద్యుత్ కేంద్రం ముందు లేచి, దానికి చేయి అందించాలి. ఆ తర్వాత కొంచెం కొంచెంగా లోడు ఎక్కించాలి. తొందరపడి ఒక్కసారే ఎక్కిస్తే మళ్లీ కూలుతుంది, నా సర్వరు లాగే.

మన వైపు పెద్ద పరీక్ష 2020 అక్టోబరు 13 రాత్రి వచ్చింది. ఘట్‌కేసర్ దగ్గర సింగపూర్ టౌన్‌షిప్‌లో 32 సెంటీమీటర్ల వాన పడిన రాత్రి. సరూర్‌నగర్, ఎల్బీ నగర్ చుట్టుపక్కల కాలనీలు మునిగాయి. నీళ్లు నిలిచిన చోట ప్రాణాపాయం లేకుండా కరెంటు ఆపక తప్పదు. నాకు తెలిసిన ఒక కార్యాలయంలో జనరేటరూ, యూపీఎస్ బేటరీలూ సెల్లారులో ఉన్నాయి. కరెంటు పోయినప్పుడు పనికి రావలసినవి కరెంటు కంటే ముందే మునిగాయి. అయితే అప్పటికి బ్యాంకు శాఖల్లో సర్వర్లు లేవు. కోర్ బ్యాంకింగ్ వచ్చాక లెక్కలన్నీ దూరాన డేటా సెంటరులో, వాటి నకలు మరో నగరంలో ఉంటున్నాయి. ఒక శాఖ మూతపడితే పక్క శాఖకు వెళ్లి డబ్బు తీసుకోవచ్చు. 1998లో మేము ఎర్ర సిరాతో చేసిన పని ఇప్పుడు ఆ రెండో నగరం చేస్తోంది.

ఇక మన ఇళ్ల సంగతి. చాలా మందికి ఇన్వర్టరు ఉంది. 12 వోల్టుల 150 ఏహెచ్ బేటరీ అంటే లెక్కకు 1,800 వాట్ల గంటలు. నష్టాలు పోను 1,200 చేతికొస్తాయనుకోండి. రెండు పాత ఫ్యాన్లు, రెండు మూడు ఎల్‌ఈడీ బల్బులైతే ఆరు గంటలు నడుస్తుంది. అది కొత్త బేటరీ మాట. మూడు నాలుగేళ్లదైతే సగం కూడా నమ్మకండి. ఇంట్లో ఎవరికైనా ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ ఉంటే అయిదు లీటర్ల మిషను సుమారు 350 వాట్లు తింటుంది. కొత్త బేటరీ మీద కూడా మూడు గంటలకు మించి లెక్క వేసుకోవద్దు, పక్కన నిండు సిలిండరు ఉండాలి. నెలకోసారి ఆదివారం మధ్యాహ్నం మెయిను మీరే ఆపి, గడియారం చూసి, ఎంతసేపు నడిచిందో క్యాలెండరు మీద రాసుకోండి. నీళ్లు పోసే రకమైతే డిస్టిల్డ్ వాటరే పోయాలి. కరెంటు పోగానే ఫ్రిజ్, టీవీ స్విచ్చులు ఆపి, వచ్చాక అయిదు నిమిషాలు ఆగి వేయండి. మా ఇంట్లో ఈ ఆగడం దగ్గర మా ఆవిడకూ నాకూ ఇప్పటికీ పేచీయే.

చివరగా మన సంఘానికి ఒక మనవి. సభ్యుల పేర్లు, పీపీఓ నంబర్లు, నామినీల వివరాలు కార్యాలయంలోని ఒకే కంప్యూటరులో ఉన్నాయి. నిన్న సాయంత్రం కార్యదర్శి గారితో కూర్చుని రెండు పెన్‌డ్రైవుల్లోకి ఎక్కించాను. ఇంటికి తీసుకెళ్లి వేరే మిషనులో తెరిచి చూశాను. ఒకటి తెరుచుకుంది, రెండోది తెరుచుకోలేదు. అందుకని ఈ రోజు ద్వారం దగ్గర అచ్చు వేసిన జాబితా పెట్టాం. భోజనాలకు వెళ్లే ముందు మీ పేరు ఎదుట ఉన్న నంబరు సరిచూసి సంతకం చేయండి. తప్పుంటే దిద్దండి, ఎర్ర కలం అక్కడే ఉంది.