ఎదురు హాస్టల్ వాళ్లే నొక్కుతున్నారా? యాడ్ డబ్బులు ఎక్కడికి పోతున్నాయో చూద్దాం

ఈ ఎపిసోడ్ ప్రశాంతంగా ఉండే చోట రికార్డ్ చేద్దామనుకున్నా. మాదాపూర్‌లో అలాంటి చోటు దొరకలేదు. మధ్యలో హారన్లు వినిపిస్తే కాస్త సర్దుకోండి.

ఇవాళ్టి టాపిక్ క్లిక్ ఫ్రాడ్. గూగుల్‌లో యాడ్ పెడతాం కదా, ఎవరైనా దాన్ని నొక్కితే మన డబ్బులు కట్ అవుతాయి. నొక్కినవాడికి మన సర్వీస్‌తో పనే లేకపోతే? పనిగట్టుకుని మన బడ్జెట్ తినడానికే నొక్కితే? దాన్ని ఆపడానికి ప్రొటెక్షన్ పెట్టుకుంటారు. నేను చెప్పబోయేది పెట్టుకోవడం గురించి కాదు, పెట్టేశాక మళ్లీ తెరిచి చూడటం గురించి. దాదాపు ఎవరూ చూడరు.

నాకు తెలిసిన ఒక అక్క ఉంది. అయ్యప్ప సొసైటీలో లేడీస్ హాస్టల్ నడుపుతుంది. ఆ ఏరియా తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు, గల్లీకి పది హాస్టళ్లు. జూన్, జూలై వస్తే ఫ్రెషర్స్ జాయినింగ్ సీజన్, అక్కకి ఏడాది సంపాదన అప్పుడే. ఆ టైమ్‌లో నాకు ఫోన్ చేసింది. "తమ్ముడూ, రోజుకి తొమ్మిది వందలు పెడుతున్నా, పదకొండు గంటలకల్లా అయిపోతున్నాయి. ఫోన్ మాత్రం మోగట్లేదు. ఎదురు హాస్టల్ వాళ్లే కూర్చుని నొక్కుతున్నారు, నాకు తెలుసు" అంది.

లెక్క చూడండి. క్లిక్‌కి సుమారు ముప్పై రూపాయలు. అంటే ముప్పై నొక్కుళ్లతో ఆ రోజు ఖతం. చిన్న వ్యాపారానికి ముప్పై క్లిక్కులు కొట్టడానికి పెద్ద హ్యాకర్ అవసరమే లేదు, అందుకే అక్క అనుమానం నాకు తప్పనిపించలేదు. "మరి ప్రొటెక్షన్ ఏదీ లేదా?" అంటే, "రెండేళ్ల కింద ఒకబ్బాయి పెట్టి వెళ్లాడు, నెలనెలా డబ్బు కూడా కట్ అవుతోంది" అంది. ఆ తర్వాత దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

లాప్‌టాప్ తెరిచి కూర్చున్నాం. ముందు నేను చూసేది ఇన్వాలిడ్ క్లిక్స్ కాలమ్. గూగుల్ యాడ్స్‌లో కాలమ్స్ మార్చుకునే చోట పెర్ఫార్మెన్స్ కింద ఉంటుంది, మామూలుగా కనపడదు, మనమే తెచ్చుకోవాలి. చెల్లని క్లిక్కులని గూగుల్ తనే పట్టుకున్నవి అక్కడ కనిపిస్తాయి, వాటికి మన దగ్గర డబ్బు తీసుకోదు. తర్వాత తేలినవైతే బిల్లింగ్ పేజీలో క్రెడిట్‌గా వస్తాయి. ఈ కాలమ్ చూడకుండానే చాలామంది బయట సాఫ్ట్‌వేర్‌కి డబ్బు కడుతున్నారు.

ఇది ఊరికే వచ్చింది కాదు. అమెరికాలో అర్కన్సా రాష్ట్రంలో లేన్స్ గిఫ్ట్స్ అనే చిన్న షాపు, ఫేక్ క్లిక్కులకి కూడా మా దగ్గర డబ్బు లాగుతున్నారని కేసు వేసింది. 2006లో గూగుల్ 9 కోట్ల డాలర్ల వరకు సెటిల్‌మెంట్‌కి ఒప్పుకుంది. మన సిటీకీ ఈ వ్యాపారంతో పాత చుట్టరికమే. గూగుల్ 2004లో హైదరాబాద్ వచ్చింది, ఫేస్‌బుక్ 2010లో ఇండియాలో మొదటి ఆఫీస్ ఇక్కడే పెట్టింది, యాడ్స్ ఇచ్చేవాళ్లకి సపోర్ట్ చేసే టీమ్‌తో సహా. అక్క హాస్టల్లో పడుకునే అమ్మాయిల్లో ఇలాంటి పనే చేసేవాళ్లు ఉన్నా ఆశ్చర్యం లేదు.

సరే, అక్క అకౌంట్. ఆ కాలమ్‌లో పెద్దగా ఏమీ లేదు. మరి డబ్బు ఎటు పోయింది? యాడ్స్ ఎక్కడ కనిపించాయో చెప్పే రిపోర్ట్ తీశాం. చూస్తే టార్చ్‌లైట్ యాప్, పిల్లలు రంగులు వేసుకునే గేమ్, బెలూన్లు పగలగొట్టే గేమ్... ఖర్చులో సగం కంటే ఎక్కువ అక్కడే. సెర్చ్ క్యాంపెయిన్ పెట్టేటప్పుడు డిస్‌ప్లే నెట్‌వర్క్ అని ఒక టిక్ ఉంటుంది, అది తియ్యలేదు. ఎక్కడో ఒక పిల్లాడు అమ్మ ఫోన్‌లో బెలూన్ పగలగొట్టబోయి అక్క యాడ్ నొక్కాడు. ఆ పిల్లాడికి లేడీస్ హాస్టల్ ఎందుకు చెప్పండి? అక్క కాసేపు మాట్లాడలేదు. రెండేళ్లుగా ఎదురింటివాళ్లతో పలకరింపు కూడా మానేసింది మరి.

అసలు దెబ్బ దీని తర్వాత తెలిసింది. ఆ సాఫ్ట్‌వేర్‌లో ఒక రూల్ పెట్టి ఉంది: ఒకే ఐపీ అడ్రస్ నుంచి రోజుకి మూడు క్లిక్కులు దాటితే బ్లాక్. వినడానికి బాగుంది కదా? గూగుల్ ఒక క్యాంపెయిన్‌కి 500 ఐపీలదాకా బ్లాక్ చేయనిస్తుంది. అక్క లిస్ట్ నిండిపోయి ఉంది. అందులో కొన్ని తీసి అవి ఎవరివో వెతికాం, ఆ వివరం బయట ఫ్రీగానే దొరుకుతుంది. కొన్ని మొబైల్ నెట్‌వర్క్‌లవి. మన ఫోన్ డేటాలో చాలాసార్లు వందలమంది ఒకే ఐపీ వెనకాల ఉంటారు. ఒకడి కోసం గేటు మూస్తే వందమంది బయట ఉండిపోతారు. ఇంకొకటి చూసి నాకే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అది ఇక్కడి ఒక ఐటీ కంపెనీ ఆఫీస్‌ది! ఆఫీస్ వైఫైలో వేలమంది ఉన్నా బయటికి ఒకటి రెండు ఐపీలే కనిపిస్తాయి. కొత్తగా చేరిన నలుగురు అమ్మాయిలు లంచ్ టైమ్‌లో "హాస్టల్ నియర్ మీ" అని వెతికి ఉంటారు. నాలుగు క్లిక్కులు అయ్యాయి, ఆఫీస్ మొత్తం బ్లాక్ అయిపోయింది. అక్కకి రావాల్సిన కస్టమర్లనే, అక్క నెలనెలా డబ్బులిచ్చి మరీ ఆపించుకుంది.

ఊర్లో ఇండిపెండెంట్ ఇళ్లున్న చోట ఆ రూల్ పనిచేస్తుందేమో. మైండ్‌స్పేస్, గచ్చిబౌలి లాంటి చోట మాత్రం ఒకే ఐపీ నుంచి పది క్లిక్కులు వస్తే అది దొంగ కావచ్చు, పది మంది నిజమైన మనుషులూ కావచ్చు. తేడా ఎలా తెలుస్తుందంటే, వచ్చినవాళ్లు పేజీలో ఏం చేశారో చూడాలి. రెంట్ చూశారా, ఫోటోలు తిప్పారా, రెండు సెకన్లలో వెళ్లిపోయారా?

లొకేషన్ కూడా అంతే. ఫేక్ క్లిక్కులు తగ్గాలని ఆ అబ్బాయి హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకే యాడ్ కనిపించేలా పెట్టాడు. మామూలుగా మంచి సెట్టింగే, నేనూ అదే చెప్తా. కానీ ఆఫర్ లెటర్ పట్టుకుని గుంటూరులోనో వరంగల్‌లోనో కూర్చుని హాస్టల్ వెతుక్కునే అమ్మాయికి అక్క యాడ్ కనిపించదు. అందుకే రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపాం.

నా తప్పు కూడా ఒకటి చెప్పాలి. డిస్‌ప్లే తీసేశాక మొదటి వారం ఫామ్‌లు బాగా నిండాయి, నేను సంబరపడ్డా. అక్క ఫోన్ చేస్తే సగం నంబర్లు పనిచెయ్యట్లేదు. బాట్లు ఫామ్‌లు కూడా నింపుతాయి. ఇంకా ఘోరం ఏంటంటే, ఆటోమేటిక్ బిడ్డింగ్ పెట్టుకుంటే ఆ ఫామ్‌లు చూసి సిస్టమ్ "ఇలాంటివాళ్లే కావాలన్నమాట" అని నేర్చుకుని ఇంకా అలాంటివాళ్లనే తెస్తుంది. అప్పుడు ఫామ్‌ని లెక్కలోంచి తీసేసి, నిమిషం దాటిన ఫోన్ కాల్‌నే కస్టమర్‌గా లెక్కపెట్టాం.

ఇప్పుడు మీలో కొందరికి నేరుగా తగిలే మాట. టెలిగ్రామ్‌లో మెసేజ్ వస్తుంది, "లింక్ నొక్కు, లైక్ కొట్టు, రోజుకి వెయ్యి సంపాదించు" అని. నొయిడాలో సోషల్ ట్రేడ్ అనే కంపెనీ క్లిక్‌కి ఐదు రూపాయలని చెప్పి లక్షలమంది దగ్గర డబ్బు కట్టించుకుంది. 2017 ఫిబ్రవరిలో యూపీ పోలీసులు పట్టుకుంటే 3,700 కోట్ల మోసమని తేలింది. అంత దూరం ఎందుకు, 2023 జూలైలో మన హైదరాబాద్ పోలీసులు 712 కోట్ల కేసు బయటపెట్టారు. అందులో ఒకాయన రేటింగ్‌లు ఇచ్చే చిన్న టాస్క్‌తో మొదలుపెట్టి 28 లక్షలు పోగొట్టుకున్నాడు. మొదట చిన్న మొత్తం నిజంగానే ఇస్తారు, అదే ఎర. అసలు మీ చేత ఏం నొక్కిస్తున్నారో ఎప్పుడైనా చూశారా? అవతల అక్కలాంటి వాళ్ల బడ్జెట్ కూడా అయ్యుండొచ్చు. ఇప్పటికే డబ్బు పంపేసి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చెయ్యండి.

పెద్ద స్థాయిలో అయితే మనుషులతో పనే లేదు. 2018లో అమెరికా ప్రభుత్వం బయటపెట్టిన ఈవ్ (3ve) అనే ముఠా 17 లక్షల కంప్యూటర్లలో వైరస్ ఎక్కించి, వాటి ఓనర్లకి తెలియకుండానే యాడ్స్ చూపించుకుంది. మన కంప్యూటర్ కూడా ఎవరికోసమో నొక్కుతూ ఉండొచ్చన్నమాట.

అక్కతో ఇప్పుడు పెట్టుకున్న పద్ధతి ఇది. నెలలో మొదటి సోమవారం అరగంట, సీజన్‌లో అయితే ప్రతి వారం. యాడ్స్ ఎక్కడ కనిపించాయో చూస్తాం, బ్లాక్ లిస్ట్‌లో పాతవి తీసేస్తాం, చేంజ్ హిస్టరీలో ఎవరు ఏం మార్చారో చూస్తాం. అన్నట్టు, ఆ రెండేళ్ల కిందటి అబ్బాయికి అకౌంట్‌లో ఇంకా అడ్మిన్ యాక్సెస్ ఉంది! మంచివాడే అయ్యుంటాడు, అయినా తీసేశాం. మీరూ ఇవాళే చూసుకోండి. అనుమానం ఉన్న క్లిక్కులుంటే గూగుల్‌కి ఫామ్ పెట్టొచ్చు. రెండు నెలలు దాటితే పట్టించుకోరు, అందుకే సర్వర్ లాగ్స్ దాచుకోవడం, లేట్ చేయకుండా చూడటం ముఖ్యం.

ఆ నెలాఖరుకి ఫోన్లు వచ్చాయి, రూములు నిండాయి. అన్నీ కాదులెండి, రెండు బెడ్లు ఖాళీ.

ఎదురు హాస్టల్ సంగతి అడుగుతారు కదా. లాగ్స్‌లో రాత్రి పదకొండు తర్వాత, వరుసగా కొన్ని రోజులు, ఒకే రకం ఫోన్ నుంచి, రెండు సెకన్ల క్లిక్కులు కనిపించాయి. ఫామ్ పెట్టాం, క్రెడిట్ రాలేదు. ఎవరో తేలలేదు. రాత్రి పది తర్వాత యాడ్ ఆపేశాం, అంతటితో అవి పోయాయి. అక్క మాత్రం ఆ కిటికీ వైపు ఇప్పటికీ ఒకలా చూస్తుంది.

ఇవాళ సోమవారమే. అప్పుడే రెండు మిస్డ్ కాల్స్, లాప్‌టాప్ తెరిచి కూర్చుందట. వెళ్లొస్తా మరి, వచ్చే వారం కలుద్దాం.